మళ్ళీచెప్పమ్మగారికి ఆలస్యంగా అందుతున్న జవాబు

1988వ సంవత్సరం ఆగస్టు పదకొండవ తేదీ, గురువారం ఉదయం ఎనిమిది గంటలకు, ఇరవై నాలుగేళ్ల వయసులో, ఇస్త్రీ మడత నలగని తెల్లని దుస్తులతో మా ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో నర్సుగా అడుగుపెట్టిన సోదరీమణి, ముప్పై ఆరు సంవత్సరాల సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. వారి అసలు పేరు హాజరుపట్టీలో భద్రంగా ఉన్నది; ఆసుపత్రిలో మాత్రం అందరికీ వారు మళ్ళీచెప్పమ్మగారే. వారిని గురించి రాయవలసిందిగా వీడ్కోలు సంచిక సంఘంవారు కోరినప్పుడు, ప్లాస్టిక్ సర్జరీ విభాగపు శస్త్రవైద్యుడైన ఈ వ్యాసకర్త మూడుసార్లు తప్పించుకోజూశాడు. "ఆవిడతో ఇరవై ఎనిమిదేళ్లు కలిసి పనిచేసింది మీరొక్కరే కదండీ, మీరు కాక ఇంకెవరు రాస్తారు?" అన్నారు వారు. రాయడానికి అర్హత లేనివాణ్ణే ఏరికోరి పట్టుకున్నామని పాపం వారికి తెలియదు.

కాలిన గాయాల వార్డులో గడిపిన ఎనిమిది సంవత్సరాలలో వారు కట్టు విప్పేముందు ప్రతి రోగికీ ఎంత నొప్పి కలుగుతుందో ఉన్నదున్నట్టు చెప్పేవారు. "ఏం కాదులే" అన్న ఊరడింపు వారి నోట ఎవరూ వినలేదు. 1996లో మా విభాగం ఏర్పడినప్పుడు వారు బదిలీపై వచ్చారు. అదే సంవత్సరం, కత్తి పట్టిన చేతికి తిరుగులేదన్న గర్వంతో, ఈ వ్యాసకర్తయూ వచ్చాడు.

రొమ్ముల పరిమాణం పెంచుకొనే శస్త్రచికిత్స కోసం మా వద్దకు వచ్చే స్త్రీల సంఖ్య పెరగడంతో, 2001లో వరండా చివరనున్న దుప్పట్ల గదిని ఖాళీ చేయించుకొని, రెండు కుర్చీలు, ఒక వంటింటి త్రాసు పెట్టుకొని, వారు ఒక పద్ధతిని నెలకొల్పారు. ఆ గదిలో కూర్చోనిదే ఏ స్త్రీకీ శస్త్రచికిత్స తేదీ దొరికేది కాదు.

"చూడమ్మా, ఇది ఒక్క ఆపరేషన్ అనుకోకు, మొదటి ఆపరేషన్ అనుకో. లోపల పెట్టేవి జన్మంతా ఉండేవి కావు. పదేళ్లకో పదిహేనేళ్లకో, కొందరికి అంతకన్నా ముందే, మార్చాల్సి రావచ్చు, తీసెయ్యాల్సీ రావచ్చు. చుట్టూ కట్టే పొర బిగుసుకుపోయి గట్టిపడొచ్చు, నొప్పి పెట్టొచ్చు. చనుమొనల దగ్గర స్పర్శ తగ్గొచ్చు. రేపు బిడ్డకి పాలివ్వగలనా అంటావా, చాలామంది ఇస్తారు, నీకు మాత్రం నేను మాటివ్వలేను. రొమ్ము పరీక్షకి ఎక్కడికెళ్లినా ఇవి ఉన్నాయని ముందే చెప్పాలి. తీసేస్తే మళ్ళీ పాత రూపమే వచ్చేస్తుందనీ అనుకోకు."

ఇంత చెప్పి, ఆ వెంటనే, "ఇప్పుడు నువ్వు మళ్ళీ చెప్పు, నీకేం అర్థమైందో" అనేవారు. ఆమె చెప్పిన మాటను సమ్మతిపత్రంపై ఆమె సొంత చేతివ్రాతతోనే రాయించి, అన్నీ వివరించినట్టు గుర్తుగా దానిపైన తమ ముద్ర వేసేవారు. తరువాత రెండు చిన్న గుడ్డసంచులలో అనుకున్న బరువుకు బియ్యం తూచి పోసి, లోదుస్తులలో అమర్చుకొని వారంరోజులు ఇంటిపనీ ఆఫీసుపనీ చేసుకొని రమ్మనేవారు. కొత్త సంగతి తెలిసినప్పుడల్లా, ఆ పొరలో ఎక్కడో అరుదుగా పుట్టే క్యాన్సరుతో సహా, దానినీ తమ పాఠంలో చేర్చుకొనేవారు. వారం తరువాత "వద్దు సిస్టర్" అని సంచులు తిరిగి ఇచ్చినవారు తక్కువేమీ కాదు. ఈ వ్యాసకర్త అప్పట్లో దానిని నష్టంగా భావించేవాడు.

ఒకనాడు ఒక భర్తగారు భార్యను వెంటబెట్టుకొని వచ్చారు. భార్యను ఏమడిగినా జవాబు ఆయనదే. "ఉన్నవాటిలో పెద్ద సైజే పెట్టండి సిస్టర్, మళ్ళీమళ్ళీ రాలేం కదా!" అన్నారు. మళ్ళీచెప్పమ్మగారు నవ్వకుండా పెద్ద సంచులు రెండు తూచి, ఆయన మెడలోనుంచి ఛాతీమీదికి బిగించి కట్టారు. "మీరు ముందు ఒక గంట మొయ్యండి నాయనా, బరువు సరిపోయిందో లేదో చూద్దాం." ఆయన వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే వార్డు వార్డంతా తలుపుల దగ్గర చేరింది. అరగంటకే నడుము పట్టుకొని వచ్చి, "ఆవిడనే అడగండి తల్లీ, నాకేం తెలుసు!" అన్నారు. అడిగితే ఆమె మెల్లగా, "నాకసలు వద్దండీ" అన్నది. అది ఆ గదిలో ఆమె పలికిన మొదటి మాట.

ఇంతవరకు రాయడం సులువు. సంచిక సంఘంవారు ఆశించినది కూడా ఇంతవరకే.

2009లో ఈత నేర్పే ఒక యువతి వచ్చింది. మరుసటి ఉదయానికి శస్త్రచికిత్స గదిలో అనుకోకుండా ఒక ఖాళీ దొరికింది. మళ్ళీచెప్పమ్మగారు పక్క వార్డులో వేరొక రోగి దగ్గర ఉన్నారు. వారు వచ్చి, బియ్యం తూచి, వారం గడిచేదాకా ఆగే ఓపిక ఈ వ్యాసకర్తకు లేకపోయింది. "డాక్టర్‌గారూ, ఇవి ఎంతకాలం ఉంటాయండీ?" అని ఆ అమ్మాయి అడిగింది. గడియారం చూసుకుంటూ, "మీరున్నంతకాలం" అన్నాడు. ఆపైన దుప్పట్ల గదిలోకి వెళ్లి, తాళం వేయని సొరుగులోనుంచి ముద్ర తీసి, తన చేతితోనే సమ్మతిపత్రంపై వేశాడు.

మూడేళ్లకు ఆమె ఎడమవైపు పొర బిగుసుకొని గట్టిపడింది. చెయ్యి పైకెత్తితే నొప్పి. ఈత మానుకోవలసి వచ్చింది. రెండూ తీసివేయవలసి వచ్చింది. ఇలా జరగవచ్చునని తనకెవరూ చెప్పలేదని ఆమె ఫిర్యాదు చేయగా విచారణ జరిగింది. పత్రంపై ముద్ర ఉన్నది. ముద్ర కింద రోగి స్వహస్తంతో రాయవలసిన వాక్యం మాత్రం లేదు. మళ్ళీచెప్పమ్మగారు ఆ ఖాళీని చూశారు, తరువాత ఈ వ్యాసకర్త ముఖం చూశారు. ఇతడు తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"ముద్ర నాదేనండీ. సొరుగుకి తాళం వెయ్యకపోవడం నా తప్పే" అన్నారు వారు. తాళం సంగతి ఎందుకు వచ్చిందని సభ్యులెవరూ అడగలేదు. అడిగితే చెప్పేవారేమో; అడగకూడదని ఇతడు మనసులో మొక్కుకున్నాడు. వారికి మందలింపు పత్రం వచ్చింది. ఆ ఏడాది రావలసిన హెడ్‌నర్సు పదవి వారికంటే అయిదేళ్లు చిన్నవారికి వెళ్లింది, మళ్ళీ వారివైపు రాలేదు. ఇతడు మాత్రం మరుసటి ఏడు విభాగాధిపతి అయి పూలదండ వేయించుకున్నాడు. ఆ దండ వేసినదీ వారే.

విచారణ ముగిసిన రోజున వరండాలో వారు ఒకే ఒక్కసారి అడిగారు: "డాక్టర్‌గారూ, ఆ అమ్మాయికి మీరేం చెప్పారో, ఒక్కసారి నాకు మళ్ళీ చెప్పండి." ఫోను మోగుతోందని అబద్ధమాడి ఇతడు వెళ్లిపోయాడు. తరువాత పన్నెండేళ్లు ఒకే వరండాలో ఎదురుపడుతూనే ఉన్నారు. వారు మళ్ళీ అడగలేదు. ఎవరైనా "మళ్ళీ చెప్పు" అంటే చాలు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఇతడు ఉలిక్కిపడేవాడు.

ఈ నెల మొదటివారంలో ఈ వ్యాసకర్త జరిగినదంతా రాసి, సంతకం చేసి, యాజమాన్యానికి అందజేశాడు. మందలింపును రద్దుచేస్తూ వచ్చిన ఉత్తర్వు ఈ పుట వెనుక అచ్చయి ఉన్నది. ఇతనిపై తీసుకోబోయే చర్య ఏదైనా శిరోధార్యమే. హెడ్‌నర్సు పదవిని మాత్రం ఏ ఉత్తర్వూ వెనక్కి తేలేదు. ఆ ఈత పంతులమ్మగారి ఇంటికీ వెళ్లి, గుమ్మంలో నిలబడే సంగతి చెప్పాడు. ఆమె, "పన్నెండేళ్లుగా ఆ సిస్టర్ ఎదురొస్తే నేను రోడ్డు దాటి అవతలికి పోతున్నానండీ. ఆవిడ నన్ను చూసి ప్రతిసారీ ఆగేది" అన్నది. ఇతణ్ణి లోపలికి రమ్మనలేదు.

మళ్ళీచెప్పమ్మగారూ, మీ శ్రీవారూ, మీ అమ్మాయీ, సహోద్యోగులందరూ చదువుతుండగా, మీరు వరండాలో అడిగిన ప్రశ్నకు ఇదిగో జవాబు. "మీరున్నంతకాలం ఉంటాయి" అని చెప్పాను. అది నిజం కాదు. నిజం కాదని చెప్పేటప్పుడే నాకు తెలుసు. ముద్ర నేనే వేశాను. నాకు అర్థమైనది ఇది. నా చేతివ్రాతతోనే రాశాను.

మీరు సంపూర్ణ ఆరోగ్యంతో, మీవారి మధ్య, నిండు నూరేళ్లూ జీవించాలి. ఉన్నంతకాలం మీకు ఏ లోటూ రాదని చెప్పాలని కలం ముందుకు ఉరికింది కాని, అలా మాటివ్వకూడదని మీ గదిలోనే నేర్పారు. అందుచేత ఇది హామీ కాదమ్మా, కోరిక మాత్రమే.