చెరువుకు రంగు

కృష్ణగిరి నుంచి హోసూరు పోయే బస్సులో నా ముందు సీట్లో తండ్రీ కూతుళ్లు. ఆమె ఒళ్లో ల్యాప్‌టాప్, అందులో ఆమె రంగులేస్తున్న వాళ్ల ఊరి మ్యాపు.

“మన చెరువును పొలమని గుర్తుపెట్టేసినాను నాయినా. శాటిలైట్ ఫోటో ఎండాకాలంలో తీసింది. నీళ్లు లేవు, చెరువులో నువ్వేసిన రాగిపైరే కనిపించింది.”

“మంచిదే కదమ్మా! అట్లే వదిలెయ్. తప్పు నీది, పొలం మనది.”

“ఈ మ్యాపు సర్వే ఆఫీసుకిస్తే ఆడ చెరువే లేదనుకుంటారు, ప్లాట్లేసి అమ్మేవాళ్లు దిగుతారు. ప్లాట్లు వాళ్లకు, పాట్లు మనకు.”

“నువ్వు చెప్పకుంటే ఎవురికి తెలుస్తుంది?”

“నాకు తెలీదా? నువ్వు నాకు ఈత నేర్పించింది యాడ నాయినా, రాగిచేన్లోనా?”

ఆయన మ్యాపులో చెరువున్న చోట వేలు పెట్టాడు.

“సరే, నీలిరంగే పూయమ్మా. నా రాగులు కోసుకునేదాకా వానను మాత్రం పిలవద్దు.”