తడిక అవతల ప్రార్థన

జెకరయ్య ఉన్నాడే, సంఘపెద్ద, ఆయనకి పల్లె బయట సున్నం బట్టీ ఉండేదంట. చుట్టుపక్కల ఏ ఇంటికి సున్నం కొట్టాలన్నా, క్రిస్మస్ ముందు మన గుడి గోడలకైనా ఆయన సున్నమే. ఆ బట్టీలో ఏలియా పనికి చేరాడు. కాపరం ఉన్నోడే, పెళ్ళాం పేరు రాహేలు. అప్పటిదాకా కూలికి పోయేవోడనుకో. జెకరయ్య ఏమన్నాడంటే, కూలోడిగా రాబాక ఏలియా, శిష్యుడిగా రా, ప్రభువు తన శిష్యుల్ని తయారుచేసుకున్నట్టు నిన్ను తయారుచేస్తా, పనీ నేర్పుతా, బతుకూ నేర్పుతా, ఏదో ఒకనాటికి నువ్వూ బట్టీ పెట్టుకుందువుగాని అన్నాడంట. ఆదివారం గుళ్ళో అందరి ముందూ తలమీద చెయ్యేసి ప్రార్థన కూడా చేశాడు. రాహేలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మనల్ని ఎవరన్నా అట్టా పిలిస్తే మనం మాత్రం పెట్టుకోమా?

నేర్పాడమ్మా, అబద్ధమెందుకు. రాయి ఏరడం, బట్టీ పేర్చడం, మంట ఎప్పుడు ఎగదొయ్యాలి, ఎప్పుడు ఆపాలి, తాగొద్దని, తూకంలో మోసం చెయ్యొద్దని, అన్నీ నేర్పాడు. ఒక్కటి తప్ప. కాలిన రాయిని నీళ్ళతో కలిపి సున్నం చేస్తారు చూడు, ఆ పనికి మాత్రం తడిక అడ్డం కట్టుకుని ఆయనొక్కడే లోపలికి పోయేవోడంట. ఇది ప్రార్థనతో అయ్యే పని ఏలియా, నువ్వు బయట మోకాళ్ళేసి కళ్ళు మూసుకో, నేను ఆమెన్ అనేదాకా తెరవబాక అనేవోడు. లోపల బుసబుసమని చప్పుడు, ఆవిరి, పెద్ద గొంతుతో ఆయన ప్రార్థన. బయట ఈయన ఆమెన్. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, ఆరేళ్ళు. ఒకసారి అడిగాడంట, అయ్యా నేనూ లోపలికి రానా అని. నీకింకా విశ్వాసం చాల్లేదురా అన్నాడంట. ఇంటికొచ్చి రాహేలుతో చెప్పుకుని కుమిలిపోయాడు. రాహేలేమో, విశ్వాసం సంగతి నాకు తెలవదుగానీ, ఆ తడిక ఎవరికి అడ్డం కట్టినట్టయ్యా, దేవుడు పైనుంచి చూస్తానే ఉంటాడుగా అంది. గురువుని అట్టా అనబాకే అని కసిరాడంట మొగుడు.

తర్వాత ఏమైందంటే, ఏలియా సొంతంగా చిన్న బట్టీ కట్టుకున్నాడు. జెకరయ్యే వచ్చి దీవించాడు. దీవించి ఏమన్నాడు, రాయి నువ్వు కాల్చు, సున్నం చేసే పని నాకొదిలెయ్యి అన్నాడు. అప్పుడన్నా చెప్పొచ్చా లేదా? చెప్పలా. ఏలియాకి రోషమొచ్చింది, నాకూ విశ్వాసం ఉంది, నేనూ చేస్తా అనుకున్నాడు. మూడు రోజులు ఉపవాసం ఉన్నాడంట. తొట్లో కాలిన రాయి పోసి, మోకాళ్ళేసి, ఆరేళ్ళు విన్న ప్రార్థన ఒక్క మాట పొల్లుపోకుండా చేసి, ఆమెన్ అని, రాయి మీద కడవెడు నీళ్ళు గుమ్మరించి వంగి చూశాడు. చూడ్డం అదే మొదలు కదా పాపం. సలసల కాగి సున్నం ఎగజిమ్మింది మొహాన. రెండు కళ్ళూ పోయినయ్.

జెకరయ్య ఆదివారం గుళ్ళో లేచి, ఏలియా తొందరపడ్డాడు, విశ్వాసం చాల్లేదు, దేవుడు బుద్ధి చెప్పాడు అన్నాడంట. అందరూ ఆమెన్ అన్నారు. మీ తాతలూ అన్నారు, మా అమ్మా అంది. రాహేలు అన్లేదు. మర్నాడు ఆయన తడిక లోపల ఉండగా కొడవలి పట్టుకుపోయి కట్లు తెగ్గోసింది. చూస్తే ఏముంది? తొట్టినిండా ముందే నీళ్ళున్నాయి. ఆయన మొహం పక్కకి తిప్పుకుని, పొడుగు కర్ర పారతో కొంచెం కొంచెం రాయి నీళ్ళల్లోకి జారుస్తన్నాడు. నీళ్ళల్లో రాయి వెయ్యాలి, రాయి మీద నీళ్ళు పొయ్యకూడదు. అంతేనమ్మా! నోరు ప్రార్థన చేస్తానే ఉందంట, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయంట. పెద్దయ్యా, ఆ ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది అందంట రాహేలు. ఆయన పార దించి, అదీ చెప్పేస్తే ఇంక నా దగ్గర ఏం మిగిలిద్దమ్మా అన్నాడంట. అదొక్కటే నిజం చెప్పాడు జన్మలో.

ఆ తర్వాత రాహేలే సున్నం చేసింది. ఎవరు నేర్చుకోను వచ్చినా అన్నిటికన్నా ముందు ఆ మాటే చెప్పి, తొట్టి పక్కన నిలబెట్టి చూపించేది. ఏలియా చేత్తో తడుముకుంటా రాయి పగలగొట్టేవోడు, చచ్చేదాకా జెకరయ్యని గురువుగారనే అన్నాడు. నాకు ఒళ్ళు మండేది అదే. జెకరయ్య సమాధి చూశారుగా, ఏటేటా సున్నం కొడితే తెల్లగా మెరిసిపోతా ఉంటది. ఆ సున్నం రాహేలు దగ్గర నేర్చుకున్నోళ్ళు చేసిందే. మన పాస్టరుగారు నన్ను కోప్పడతా ఉంటాడు, ప్రార్థనలో కళ్ళు మూసుకోవేంటి అవ్వా అని. మూసుకుంటాలే నాయనా, ముందు నువ్వు మూసుకో అంటాను.