నాగేంద్రుడితో చెప్పించిన మాటలు

"నాయనమ్మా, పాములు పాలు తాగవంట గదా. మరి రేపు పుట్టలో ఎందుకు పోయటం?"

తాగకపోతే మానె, నీకేం పోయింది? ఇట్టా కూచో, చెప్తా. మీ నాన్న ఇంతుండేవాడు అప్పుడు. మీ తాతయ్యా, వాళ్ళన్నా పొలాలు పంచుకున్నారు. అన్నదమ్ములు బాగానే ఉన్నారమ్మా, మాటలు పోయింది నాకూ మా తోడికోడలికీ. అదే, మీ పెద్ద నాయనమ్మ, నేను అక్కా అని పిలుస్తాగా. దేనికంటావా, పెద్ద రోలు ఎవురికని. నవ్వమాక! ఆ రోజుల్లో మీ మిక్సీ, గ్రైండరు అన్నీ రోలే గదా. రోలు నాకొచ్చిందిలే. పుట్టున్న మిరప చేను వాళ్ళకి పోయింది.

ఆ కార్తీకంలో నాగుల చవితి వొచ్చేసరికి మీ నాన్నకి చెవిలో చీము. ఒకటే ఏడుపు. నకరికల్లు డాక్టరు చుక్కల మందిచ్చాడు, ఏస్తానే ఉన్నా. అయినా పుట్టమన్ను చెవికి పెడితేగానీ నా మనసొప్పుద్దా? పుట్టేమో వాళ్ళ చేలో. పోదామంటే రోషం, పోకపోతే పిల్లోడికేమవుద్దోనని భయం. చివరికి చిమ్మిలి, చలిమిడి, పాలచెంబు పట్టుకోని, పిల్లోణ్ణి చంకనేసుకోని పోయా.

పోతే ఏముంది, మా అక్క అక్కడే పాలు పోస్తంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేనూ తిప్పుకున్నా. పుట్టకి చెరో పక్క కూచున్నాం. నేను దండం పెట్టి, "నాగేంద్రా, వీడి చెవి నెప్పి తీసెయ్యి సామీ, పరాయి చేలోకి వొచ్చానని కోప్పడమాక" అన్నా. ఆయమ్మ ఊరుకుద్దా? తనూ పుట్టకే చెప్తంది: "నాగేంద్రా, పరాయి చేనని ఎవురన్నారో అడుగు. పిల్లోడికి బాగా లేకపోతే కబురన్నా పంపలేదే, పెద్దమ్మ చచ్చిందనుకున్నారేమో అడుగు!"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "పంపితే రాదేమోనని భయమేసిందని చెప్పు సామీ" అన్నా. పాపం నాగేంద్రుడు, లోపలుంటే బిత్తరపోయుంటాడు.

అంతే, మా అక్క లేచొచ్చి పిల్లోణ్ణి లాక్కుంది. చెవికి మన్ను పెడతా, నా వంక చూసి, "ఏమే, ఉపవాసం ఉండి వీణ్ణి ఇంత దూరం మోసుకొచ్చావా? బుద్ధుందా నీకు?" అంది. ఆ తిట్టు ఎంత హాయిగా ఉందో చెప్పలేను తల్లీ. ఇద్దరం ఏడుస్తానే నవ్వుకున్నాం.

చెవంటావా? తగ్గింది. మందుకో, మన్నుకో నాకు తెలీదు. మాకిప్పటికీ తగువులొస్తయ్. మొన్న కూడా ఫోను పెట్టేసింది, చూశావుగా. పెట్టెయ్యనీ, రేపు పుట్ట కాడికి రాకుండా ఉంటదా? చల్లగా ఉండు తల్లీ. నీక్కూడా అట్టాంటి తోడికోడలే దొరకాల, తనివితీరా పోట్లాడుకోటానికి...