ఎన్నిసార్లు అడిగావురా?

ఆ ఫొటోనా? మీ అమ్మ ఇచ్చిందా? ఇలా తే. ఉండు, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏమో... ఆఁ, నెత్తిమీదే ఉంది. కూర్చో తల్లీ. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇటు కూర్చో. టీ పెట్టనా? వద్దా? సరే. ఏదీ... అబ్బో! ఈ చివర దుప్పటి పట్టుకున్న పుల్లలాంటివాణ్ణి నేనే. నవ్వకు, అప్పటికి నాకు పాతికేళ్ళు కూడా లేవు. ఆ చివర నిలబడ్డది మీ తాత. మా అక్క మొగుడు, నాకు బావ. వెనకాల ఉన్నది దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు. పెద్ద లాండ్రీ అది, ఇక్కడి హోటళ్ళవీ ఆస్పత్రులవీ దుప్పట్లన్నీ మా దగ్గరికే వచ్చేవి. తడి దుప్పటిని చెరో మూలా పట్టుకుని, ఇద్దరం ఒక్కసారే కాలే రోలరు కిందికి అందించాలి. ఒకడు ముందూ ఒకడు వెనకా అయితే దుప్పటి మెలిపడి మిషను ఆగిపోతుంది. మేమిద్దరం ఆరేళ్ళు అందించాం, ఒక్కరోజు మెలిపడితే ఒట్టు.

నువ్వీ దేశం వచ్చి ఎన్నాళ్ళయిందన్నావు, మూడు నెలలా? అయితే ఇంకా పెళ్ళివారింట్లో దిగినట్టుంటుందిలే. రోడ్డు బాగుంటుంది, కుళాయి బాగుంటుంది, అన్నీ బాగుంటాయి. ఆర్నెల్లకి ఏడుపొస్తుంది. ఏడాదికి కోపమొస్తుంది, ఎవడి మీదో తెలీదు, రొట్టెల కొట్టువాడి మీద కూడా వస్తుంది. ఆ తర్వాత అలవాటైపోతుంది. అలవాటైపోతే గండం గడిచినట్టేనని అందరూ అంటారు. నేను మాత్రం అనను.

మీ తాత మనూళ్ళో ఎలాంటి మనిషో మీ అమ్మ చెప్పే ఉంటుంది. ఎవరింట్లో శుభకార్యమైనా వడ్డనకి ఆయనే ఉండాలి. ఆయన బతిమాలి వడ్డిస్తే చచ్చినవాడు కూడా లేచి ఇంకో ముద్ద తినేవాడు. 'మీరు తినకపోతే నా మీద ఒట్టే!' అనేవాడు. మరి తన దాకా వస్తే? తనని కూడా అలాగే బతిమాలాలి. మొదటిసారి అడిగితే 'వద్దండీ, పర్లేదు.' రెండోసారి 'ఎందుకండీ శ్రమ.' మూడోసారి అడిగితేగానీ చెయ్యి కడుక్కునేవాడు కాదు. అది వేషం కాదమ్మా. అలా పెరిగాం మనం. అడగందే అమ్మైనా పెట్టదంటారుగానీ, మనమ్మలు అడక్కుండా పెడతారు, వద్దన్నా పెడతారు.

నేను ముందొచ్చాను ఇక్కడికి, ఏడాది తర్వాత బావని నేనే పిలిపించుకున్నాను. మొదటిరోజు మధ్యాహ్నం భోజనాల గదిలో కూర్చున్నాం. మడతలు పెట్టే ఆవిడ ఒకావిడ ఉండేది, భారీ మనిషి, మనసు వెన్న. డబ్బా తెరిచి కేకు ముక్క చూపించి, 'తింటావా?' అంది. ఈయన చెయ్యి అడ్డం పెట్టి, నవ్వి, వద్దన్నాడు. ఆవిడ డబ్బా మూత పెట్టేసింది. అంతే! బావ మొహం చూడాలి నువ్వు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు పాపం. గదికొచ్చాక ఒకటే గొణుగుడు. 'ఒరేయ్, ఇదేం మనుషుల్రా? ఒక్కసారి అడిగి మూత పెట్టేసింది!' నేను పడీపడీ నవ్వాను. 'బావా, ఇక్కడ వద్దంటే వద్దనే. రెండోసారి అడిగితే అవతలివాళ్ళ మాట లెక్కచెయ్యనట్టు. కావాలంటే కావాలని చెప్పు.' 'ఛ, నోరు తెరిచి కావాలని ఎలా అడుగుతాంరా, ముష్టివాళ్ళలాగా?'

ఆరేళ్ళు అంతే. సూపర్‌వైజరొచ్చి, 'నీకు ఆ వేడి దగ్గర కష్టంగా ఉన్నట్టుంది, మడతల వైపు మారతావా?' అని అడిగాడు. మంచివాడే. ఈయన 'పర్లేదు సార్' అన్నాడు. వాడు మళ్ళీ అడుగుతాడని నాలుగు వారాలు వాడి మొహంకేసే చూశాడు. వాడెందుకు అడుగుతాడు? ఈయనకి రోలరే ఇష్టమనుకున్నాడు. వాళ్ళు రాతిమనుషులని ఈయన, ఈయన సుఖంగా ఉన్నాడని వాళ్ళు. అయ్యో, ఒకసారైతే ఆ మడతలావిడని గదికి భోజనానికి పిలిచాడు. పొద్దున్నే లేచి వండాడు. ఆవిడ తిన్నంత తిని చాలంది. ఈయన ఊరుకుంటాడా? 'అబ్బే, అదేం తిండి' అని గరిటెడు వేశాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. పక్కనుంచి ఇంకో గరిటె వేశాడు. ఆవిడ మొహం ఎర్రబడిపోయింది. లేచి, కోటు వేసుకుని వెళ్ళిపోయింది. బావ గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. 'నేనేం తప్పు చేశాన్రా? ఆప్యాయంగానే కదా పెట్టాను?' అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఎవర్నీ పిలవలేదు. మాటా తగ్గిపోయింది. నూరుమందికి వడ్డించిన మనిషి, గోడకేసి కూర్చుని తినేవాడు.

నా సంగతా? నేను మహా తెలివైనవాణ్ణి కదా! ఏ ఎండకా గొడుగు పట్టేశాను. వాళ్ళలాగే అడగడం, వాళ్ళలాగే సరే అనడం. పైగా బావకి నేర్పిద్దామని పెద్దరికం ఒకటి. కూర గిన్నె పట్టుకుని 'ఇంకొంచెం వెయ్యనా?' అనేవాణ్ణి. 'వద్దులే' అనేవాడు. 'సరే' అని గిన్నె తీసేసేవాణ్ణి. ఆ గిన్నె వెళ్తూంటే దానికేసి చూసేవాడమ్మా. నేను చూసీ చూడనట్టు ఉండేవాణ్ణి. ఆకలేస్తే తనే అడుగుతాడు, అలా నేర్చుకుంటాడు అనుకునేవాణ్ణి. అడగలేదు. బక్కచిక్కాడు గానీ అడగలేదు. నేనెంత దుర్మార్గుణ్ణో చూడు.

అదొక ఆదివారం. లాండ్రీలో ఒకతని పెళ్ళికి నన్ను పిలిచారు. వచ్చి ఏడేళ్ళయ్యాక మొదటిసారి వాళ్ళింట్లో కార్యానికి పిలుపు! కొత్త చొక్కా వేసుకున్నాను, బూట్లు తుడుచుకున్నాను. బావ ఇదిగో, ఇక్కడే, ఈ కిటికీ కిందే మంచం ఉండేది, దాని మీద కూర్చుని ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు. 'ఏంటి బావా?' 'ఏం లేదురా, కొంచెం లాగుతోంది. నిన్న దుప్పట్లు ఎక్కువొచ్చాయిగా.' మొహం చెమటపట్టి ఉంది. బయట చలి. నాకు తెలుసు. తెలీదని ఎలా అంటాను? బూట్లు వేసుకునే, తలుపు దగ్గర నిలబడే అడిగాను. 'నేను ఉండనా?' 'వద్దులేరా, వెళ్ళు, పర్లేదు' అన్నాడు. అంటూనే... ఇది చూడు, నోటితో వద్దంటూనే మంచం మీద ఇటు జరిగాడు. నేను కూర్చోడానికి చోటిచ్చాడు. చూశాను నేను. 'సరే' అని వచ్చేశాను.

సాయంత్రం పొద్దుండగానే తిరిగొచ్చాను. నేల మీద ఉన్నాడు. ఒక కాలికి బూటు ఉంది, రెండోది చేతిలో ఉంది. ఎక్కడికో బయల్దేరాడు, ఆస్పత్రికో, నా కోసమో. కింద వాటాలో ఈ దేశపు ముసలావిడ ఉండేది. ఏడుస్తూ చెప్పింది: 'దబ్బుమని చప్పుడైతే పైకొచ్చి తలుపు కొట్టాను. బాగానే ఉన్నావా అని అడిగాను. బాగానే ఉన్నానన్నాడు. వెళ్ళిపోయాను.' ఆవిడ్ని ఏమంటాం? ఆవిడ పద్ధతి అది, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ అంతే. ఆవిడకేం తెలుసు ఆ మాటకి అర్థం? నాకు తెలుసు కదా. ఆవిడ పద్ధతీ తెలుసు, ఆయన పద్ధతీ తెలుసు. ఈ ఊరు మొత్తానికి ఆ 'వద్దు' అంటే ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మీ అమ్మమ్మకి ఫోను చేశాను. బావ పోయిన సంగతీ, నేను పెళ్ళికి వెళ్ళిన సంగతీ అక్కకి చెప్పాను. తర్వాత ఒకటే అడిగింది. 'నువ్వు ఉంటానన్నావా?' 'అన్నానక్కా.' 'ఎన్నిసార్లు అడిగావురా?' చూశావా, ఆవిడకి తెలుసు ఆయన సంగతి. 'మూడుసార్లు' అన్నాను. 'మూడుసార్లు అడిగినా వద్దన్నాడా? అయితే ఆయన రాత అంతే, నువ్వేం చేస్తావులే నాన్నా' అంది. నన్ను ఓదార్చిందమ్మా! మొగుడు పోయింది తనకి, ఓదార్చింది నన్ను. తను పోయేదాకా ప్రతి ఉత్తరంలోనూ వేళకి తింటున్నావా అని రాసేది. నిజం మాత్రం నేను చెప్పలేదు. ఇప్పుడు నీకే చెప్పడం. మీ అమ్మకి చెప్పుకో, మానుకో, నీ ఇష్టం.

ఏంటి, లేచావు? బస్సుందా? బయట చినుకులు పడుతున్నాయి. ఈ పూట ఇక్కడే ఉండరాదూ, కాస్త ఏదైనా వండుతాను? వద్దా?

సరే. తలుపు గట్టిగా లాగి వెయ్యమ్మా, ఆ గడియ సరిగ్గా పడదు.