బస్సు టైరులో దిగిన పన్ను

పైపుల మేస్త్రి దవడలో అడ్డంగా పడుకున్న జ్ఞానదంతాన్ని చిగురు కోసి తీసి అప్పటికి రెండు రోజులైంది. కుడి బుగ్గ బంతిలా ఉబ్బి ఉంది. నాలుగు రోజులు నోరు కట్టుకోమని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది. నోరు కట్టుకోవడమంటే తిండి విషయంలోనే గానీ మాటల విషయంలో కాదని మేస్త్రి తనకు తానే తేల్చేసుకున్నాడు. పైగా ఆ సాయంత్రం చూసిపోదామని ఇద్దరొచ్చి వసారాలో కూర్చున్నారు. ఒకరు ఎదురింటి లెక్కల మాస్టారు. రెండోవాడు పక్కింటి దర్జీ. వాడికీ అలాంటి పన్నే, ఎడమవైపు. రేపు పొద్దున పదింటికి అదే డాక్టరమ్మ దగ్గర తీయించుకోవాలి. వాడు అడగడానికొచ్చింది ఒక్క మాటే.

"బావా, నొప్పి పుట్టిందా?"

"నొప్పా? నాకా?" మేస్త్రి ఐసుముక్కల తువ్వాలు బుగ్గ మీంచి తీశాడు. "కుర్చీలో కూర్చున్నా. కాలు మీద కాలేసుకున్నా. కానివ్వండి డాక్టరమ్మా అన్నా."

అక్కడితో ఆపితే ఎవరైనా నమ్మేవాళ్ళే. కానీ దర్జీ కళ్ళు పెద్దవి చేశాడు. మేస్త్రికి అది చాలు.

"మత్తు సూది గుచ్చిందా, అది కాస్తా వంగిపోయింది! ఇంకోటి తెచ్చింది, అదీ వంగింది. ఆరు సూదులు వంగాక నాకే జాలేసి, అమ్మా, సూదులు దండగ, మత్తు లేకుండానే కోసెయ్యి, నాకవతల పనులున్నాయి అన్నా."

"చిగురా, సిమెంటా?" అన్నారు మాస్టారు.

"వినండి మాస్టారూ! కోసి చూస్తే ఏముంది? వేరు పైపు బెండులా మెలి తిరిగి చెవి దాకా పోయింది. పటకారేసి లాగితే పటకారు రెండు ముక్కలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పన్నుకి తాడు కట్టి డాక్టరమ్మ, నర్సమ్మ, వాచ్‌మన్, బయట వంతు కోసం కూర్చున్న నలుగురూ వరసగా నిలబడి హైలెస్సా అని లాగారు. పన్ను కదల్లేదు గానీ, కుర్చీ నేలలోంచి ఊడొచ్చింది!"

"నాది కూడా చెవి దాకా ఉంటుందంటావా?" దర్జీ ఎడమ చెవి తడుముకున్నాడు. మేస్త్రి వింటే కదా.

"ఇక లాభం లేదని నా పనిముట్ల సంచీ తెప్పించి, పెద్ద రెంచి తీసి, నేనే బిగించి ఒక్క తిప్పు తిప్పా. ఢామ్మని ఊడి, కిటికీ అద్దం పగలగొట్టుకుని, రోడ్డు మీద పోతున్న బస్సు టైరులో దిగింది! బస్సులోని అరవైమందీ దిగొచ్చి నాకు దణ్ణం పెట్టారు."

"ఆ గది వెనకవైపు కదోయ్. అటు రోడ్డే లేదు."

"మలుపు తిరిగింది మాస్టారూ! చెప్పాగా, మెలి తిరిగిన వేరని. ఇక రక్తమంటారా, కింద అంతస్తులో మోకాళ్ళ లోతు..."

దర్జీ లేచి నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నేను పోను బావా. చచ్చినా పోను."

వారం రోజులుగా వాడికి నిద్ర లేదు, కుట్టుమిషన్ ముందు కూర్చోలేకపోతున్నాడు. ఇంకా ఆలస్యం చేస్తే చీము ఎముకకు పాకుతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ సంగతి మేస్త్రికీ తెలుసు. ఏదో అనబోయాడు గానీ, కోసిన కోతను వెనక్కి తీసుకోవడం ఆయనకు అలవాటు లేదు.

గుమ్మంలో నిలబడి అంతా వింటున్న భార్య, చేతిలోని చల్లటి పాలగ్లాసు మేస్త్రి ముందు ఠక్కున పెట్టింది.

"కూర్చో అన్నయ్యా. సూది ఆరు కాదు, ఒక్కటే. అది వంగలేదు, ఈయనే వంగారు. చూడగానే కళ్ళు తేలేసి నా ఒళ్ళో పడ్డారు. నీళ్ళు చల్లి లేపాం. మత్తెక్కాక అరగంటలో అంతా అయిపోయింది. ఇదిగో చూడు." మణికట్టు చాపింది. నాలుగు గోళ్ళ గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. "అయిపోయింది, ఇక ఆవిడ చెయ్యి వదలండి అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పాల్సొచ్చింది."

మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు. మేస్త్రికి వాచని బుగ్గ కూడా ఎర్రబడింది. దర్జీ మాత్రం నవ్వలేదు.

"నిజం చెప్పు బావా. నొప్పి లేదా?"

"లేదురా," అన్నాడు మేస్త్రి, తలొంచుకుని. "భయమేసింది. నొప్పి మాత్రం తెలీలేదు."

ఆ మాటకి అటూ ఇటూ ఏమీ అతికించలేదు. దర్జీ కాసేపు ఆయన ముఖంలోకి చూసి, మెల్లగా కూర్చున్నాడు.

"అయితే వెళ్తా. ఒక్కణ్ణే అంటేనే కాళ్ళాడటం లేదు."

"నేను లేనూ?" మేస్త్రి ఛాతీ విరిచాడు. "సూది గుచ్చేటప్పుడు పక్కనే నిలబడతా!"

దర్జీ ఒక్క క్షణం ఆలోచించాడు.

"నువ్వు బయట కూర్చో బావా. లోపలికి చెల్లెమ్మ వస్తే చాలు."