డాక్టరుగారి తెల్లపేజీ

సొంతంగా వెబ్‌సైట్లు చేసిపెట్టేవాడి మేడమీద గది. అతను కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆసుపత్రి నడిపే డాక్టరు నిలబడే ఉన్నాడు.

“కూర్చోను. ముందు నువ్వు చేసిన నా సైటు సంగతి తేల్చు. తెరిస్తే తెల్లగా వస్తోంది. ఒక్క అక్షరం లేదు.”

“తేలుద్దాం డాక్టరుగారూ. ఇది చూశారా? డ్రైవింగ్ స్కూలు సైటు. నేను చేసిన మొదటిది. అందులో కారు బొమ్మ వెనక్కి పోయేది. ఆ స్కూలాయన నవ్వలేక చచ్చాడు.”

“నాకెందుకయ్యా ఆయన కారు?”

“ఇది పరుపుల కొట్టు. ఇది పళ్ళ డాక్టరమ్మది. ఇదేమో కుక్కల డాక్టరుది. మంచివాడు. కుక్క ఆయాసపడుతుంటే ఇంటికి పంపడు.”

“నీ పనితనం చూడ్డానికి రాలేదు! ఆదివారం మా ఆసుపత్రి కొత్త బిల్డింగు ప్రారంభోత్సవం. ఊరంతా బోర్డులు పెట్టించాను. అన్నిటిమీదా ఆ సైటు పేరే. జనం తెరిచి నవ్వుతున్నారు.”

“నవ్వనీండి.”

“ఏంటీ?”

“ఏం లేదు. కొత్త సైటు ఇంకొకరితో చేయించారటగా?”

“చేయించాను. బ్రహ్మాండంగా చేశాడు. కానీ సైటు పేరు మా చేతిలో లేదట, నీ దగ్గరే ఉందట. పేరు లేకుండా ఎక్కడ పెట్టను దాన్ని, నా నెత్తినా?”

“నా దగ్గర లేదు. మా ఆవిడ పేరున ఉంది.”

“మా ఆసుపత్రి సైటు మీ ఆవిడ పేరున ఎందుకుంటుందయ్యా?”

“పని నాది, రిజిస్ట్రేషన్లు ఆవిడవి. అందరివీ ఆవిడ పేరునే తీసుకునేవాళ్ళం. పనయ్యాక వచ్చి మార్పించుకోమనేవాళ్ళం. డ్రైవింగ్ స్కూలాయన వచ్చాడు. పరుపులాయన వచ్చాడు. మీకు ఎన్నిసార్లు ఫోను చేసిందో! ‘చూద్దాంలేమ్మా’ అన్నారు.”

“సరే, తప్పు నాదే. ఆవిణ్ణి పిలువు. రెండు నిమిషాల పని.”

“రాదు.”

“అలిగిందా? పుట్టింట్లో ఉందా? కారు పంపిస్తాను.”

“కారెందుకు? మీ ఆసుపత్రికి నడిచే వచ్చింది. గుర్తులేదా?”

“రోజుకి ఎంతమందో వస్తారు... మా దగ్గర చూపించుకుందా? ఏంటట?”

“ఆయాసం. గుండె పట్టేసినట్టుందనేది. ఒక్క రాత్రి ఉంచుకుని చూడమన్నాను.”

“ఆ... మరి, చూశాంగా?”

“మంచాలు ఖాళీ లేవన్నారు. గాబరా తప్ప ఏం లేదన్నారు. గుండె బాగుందని రాసి, కింద సంతకం పెట్టి పంపారు.”

“చూడూ, అదీ... ఇప్పుడెలా ఉంది?”

“ఆ సాయంత్రమే పోయింది. ఇందాక మీరెక్కొచ్చారే, ఆ మెట్లమీద.”

“అయ్యో... నాకు తెలీదు. నిజంగా తెలీదు. అయినా గుండె సంగతి ఎవరు చెప్పగలరయ్యా?”

“మీరు చెప్పారు.”

“ఏం... ఏం కావాలి నీకు? డబ్బా?”

“డబ్బు పరుపులాయన కూడా ఇస్తాడు.”

“మరి? కోర్టుకెళ్తావా? ఆదివారం దాకా ఆగు. తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం.”

“తర్వాత లేదు. ఆవిడ పాస్‌వర్డు నా దగ్గరుంది. ఇప్పుడే ఇచ్చేస్తాను.”

“ఇయ్యి మరి! ఇయ్యి నాయనా, నీకు పుణ్యముంటుంది.”

“ఇదిగో కాగితం. గుండెజబ్బు మనిషిని సరిగ్గా చూడకుండా ఇంటికి పంపానని రాయండి. ఆదివారం మీ కొత్త సైటు తెరవగానే జనానికి ముందు ఆ కాగితమే కనబడాలి. ‘బాగుంది’ అని రాసిన చేత్తోనే రాయండి డాక్టరుగారూ. కింద సంతకం మర్చిపోకండి.”