షాట్ పాడవుద్దని

నందిగామలో ఒక ఫంక్షన్ హాలు, వేదిక వెనక సామాన్ల గది. బయట హీరో అభిరథ్ మూడో వర్ధంతికి అభిమానులు రక్తదానం చేస్తున్నారు. గదిలో ఇద్దరే ఉన్నారు: జగ్గయ్యపేటలో ఫ్లెక్సీల షాపు నడిపే సతీష్‌బాబు, అభిమాన సంఘం పేజీ చూసుకునే డిగ్రీ విద్యార్థిని లహరి.

"పోయిందంటే ఎట్టా పోయిందన్నా?"

"పోయిందమ్మా. మెమరీ కార్డు పాడైంది. చెప్పాగా."

"మొన్నేమో పాత ఫోన్ పగిలిందన్నావు. అంతకుముందు ఛార్జింగ్ ఎక్కట్లేదన్నావు. ఇవాళ కార్డు పాడైందా? రేపేం చెప్తావు, చెదలు పట్టిందంటావా?"

"బుర్ర తినకు లహరీ. వెళ్ళి రక్తం ఇచ్చినోళ్ళకి జ్యూసులు అందుతున్నాయో లేదో చూడు."

"అది క్రాంతి చూసుకుంటున్నాడు. నువ్వు ఇటు చూడు. అభిరథ్ అన్న వాళ్ళమ్మగారి కారు చిల్లకల్లు టోల్‌గేటు దాటిందంట."

"అప్పుడేనా?"

"ఇరవై నిమిషాల్లో ఇక్కడుంటారు. అన్న పోయాక ఎంతమంది పిలిచినా ఆవిడ ఏ ఊరూ వెళ్ళలేదు. మన దగ్గరికే ఎందుకొస్తున్నారు? దండ వెయ్యడానికా? ఆ వీడియో కోసం."

"ఆవిడకి అసలు ఎవరు చెప్పారు?"

"నేనే. పేజీలో పెట్టా. అన్న చివరి షాట్ మా సతీషన్న దగ్గరుందని."

"ఎవర్ని అడిగి పెట్టావు?"

"నువ్వే చెప్పావుగా! పోయిన వర్ధంతికి ఏడుస్తా చెప్పావు. షూటింగ్‌లో ఫోన్లు వద్దంటే చొక్కాజేబులో కెమెరా మాత్రం పైకి కనపడేట్టు పెట్టి, వీడియో ఆన్ చేసి వదిలేశానన్నావు."

"ఆ రోజు తాగున్నా."

"తాగినప్పుడే నువ్వు నిజం చెప్తావు."

"కన్నతల్లమ్మా ఆవిడ. కొడుకు ప్రాణం పోవడం ఎవరన్నా చూపిస్తారా?"

"చూడాలో వద్దో ఆవిడిష్టం. నీకేంటి మధ్యలో? ఎందుకట్టా కుర్చీలో కూలబడ్డావు?"

"పొద్దున్నుంచీ ఏం తినలా."

"ఇందాకేగా నాలుగిడ్లీలు తిన్నావు."

"అవీ లెక్కపెట్టావా?"

"అన్నా, నేనెప్పుడూ ఆయన్ని దగ్గర్నుంచి చూళ్ళేదు. ఆయన అంతరిక్షంలోకెళ్ళే 'రెండో సూర్యుడు' సినిమా పేటలో పదకొండుసార్లు చూశా. నెత్తి మీద వెండి కాయితం అతికించిన హెల్మెట్ పెట్టుకుని, ఆడపిల్లవి నీకిదేంటే అని అందరూ తిడతన్నా వెళ్ళా. ఆ సినిమా చూసేగా బైపీసీ వద్దు, ఎంపీసీ తీసుకుంటానని ఇంట్లో గొడవ చేసింది. అట్టాంటిది మనూరికి షూటింగ్‌కొస్తే మా నాన్న క్వారీకి పంపలేదు. మీరంతా చూశారు. పోనీ చెప్పన్నా చెప్పు. ఎట్టా ఉన్నాడు?"

"ఎట్టా ఉంటాడు, తెల్లగా ఉన్నాడు. అందరం తెల్లగానే ఉన్నాం. ఆ సున్నపురాయి దుమ్ముకి తువ్వాలు చుట్టుకోకపోతే ముక్కులో పిడచ కట్టేది. చిన్నప్పుడు మేం గేదెలు తోలుకెళ్ళిన గొయ్యే అది, మూతపడ్డ క్వారీ. దాన్ని వేరే గ్రహం చేసేశారు. నాలుగు లైట్లు పెడితే నాకే భయమేసింది, ఇది మనూరేనా అని."

"మీకు తాడు పట్టుకునే డ్యూటీ కదా?"

"ఆఁ. జనం లోపలికి రాకుండా తాడు కట్టి, మన సంఘాన్ని నిలబెట్టారు. మొదటి రోజు అన్న నా పేరడిగాడు. చెప్పా. రెండో రోజు పొద్దున్నే కారు దిగుతానే, 'సతీష్‌బాబూ, తిన్నావా' అన్నాడు. అన్ని వందలమందిలో లహరీ! మా ఇంట్లో కూడా అంత ప్రేమగా ఎవరూ అడగరు."

"మరి ఆ రోజు..."

"మే నెల. మిట్టమధ్యాహ్నం. ఆ గ్రహం మీద హీరోకి ఆక్సిజన్ అయిపోయే షాట్. గింజుకోవాలి, హెల్మెట్ మీద కొట్టుకోవాలి, మోకాళ్ళ మీద పడాలి. మాటలు తర్వాత డబ్బింగ్‌లో చెప్పుకుంటారుగా, అందుకని మమ్మల్ని ఈలలేసుకోమన్నారు. ఆ హెల్మెట్ వెనకనుంచి బిగిస్తారు. తనంతట తను తీసుకోలేడు. లోపల గాలికి చిన్న మోటారు, దాని బ్యాటరీతోనే వెలిగే ఒక దీపం ఉంటాయి. ఆ మోటారు ఆగిపోయింది."

"పేపర్లో వడదెబ్బ అని రాశారు."

"వడదెబ్బే మరి. ఆ డబ్బాలో ఉడికిపోయాడు. మేమంతా యాక్టింగ్ అనుకున్నాం. డైరెక్టరూ అదే అనుకున్నాడు."

"అంటే అది అందరి తప్పూ. నీ ఒక్కడిదీ కాదుగా? మరి నువ్వెందుకిట్టా—"

"ఆపు లహరీ."

"ఆ పాత ఫోన్ నీ జేబులోనే ఉంది. వచ్చినప్పట్నుంచీ తడుముకుంటానే ఉన్నావు. ఇటివ్వు."

"వద్దమ్మా."

"ఇవ్వన్నా."

"నువ్వు చూశాక నాతో మాట్లాడవు."

"ఇవ్వు."

"ఇదిగో. తలుపు గడియ పెట్టు. సౌండు తగ్గించుకో."

"నువ్వు చూడవా?"

"నేను ఒక్కసారే చూశా. చాలు."

"వస్తోంది... అయ్యో, అన్న! నవ్వుతున్నాడు."

"హెల్మెట్ పెట్టేముందు అది. మావైపు తిరిగి నవ్వాడు. అక్కడిదాకా బాగుంటుంది. అందుకే తీసెయ్యలేకపోయా."

"పెట్టేశారు. నడుస్తున్నాడు... ఎంత గోల! 'కుమ్మేయన్నా' అని అరుస్తున్నదెవరు?"

"నేనే."

"తల మీద కొట్టుకుంటున్నాడు. మోకాళ్ళ మీద పడ్డాడు. దేవుడా, ఇది యాక్టింగ్ కాదని తెలుస్తానే ఉందిగా!"

"ఇప్పుడు తెలుస్తది. అప్పుడు తెలీలేదు."

"ఎవరో పెద్దాయన పరిగెత్తుకొస్తున్నాడు. మొహానికి తువ్వాలుంది. తాడు కిందనుంచి దూరుతున్నాడు... ఈ చేతులెవరివి?"

"ఇంక చాలు, ఆపెయ్."

"అన్నా, ఆయన నడుం పట్టుకున్న ఈ చేతులెవరివి?"

"వాచీ చూడు."

"నీదే."

"ఊఁ."

"'వదలరా బాబూ, వాడికి ఊపిరాడట్లేదురా' అంటున్నాడు. నువ్వేమో—"

"నేనేమన్నానో నాకు తెలుసు. పైకి చెప్పకు."

"'షాట్ పాడవుద్ది పెద్దాయనా, ఆగు' అంటున్నావు."

"చెప్పొద్దన్నానా!"

"ఎంతసేపు పట్టుకున్నావు?"

"రెండు నిమిషాలకి ఏడు సెకన్లు తక్కువ. డైరెక్టరు కట్ చెప్పేదాకా. కట్ అనగానే వదిలేశా. ఎందుకు వదిలానో తెలుసా? చప్పట్లు కొట్టడానికి. అన్న లేవట్లేదు లహరీ, నేను చప్పట్లు కొడుతున్నా."

"ఇంకాపు."

"ఆ పెద్దాయన్ని వదిలేసుంటే బతికేవాడు. నిమిషం ముందు హెల్మెట్ తీసినా బతికేవాడని ఎవరో డాక్టరు టీవీలో అంటుంటే విన్నా. టీవీ కట్టేసి బయటికెళ్ళిపోయా."

"ఆయనెవరన్నా?"

"హెల్మెట్ బిగించే కాస్ట్యూమ్స్ ఆయన అనుకున్నా. ఆ గందరగోళంలో మళ్ళీ కనపడలేదు. తర్వాత యూనిట్ వాళ్ళని అడిగితే, మాలో అంత పెద్దాయన ఎవరూ లేరన్నారు. ఎక్కడో ఉంటాడు. నా మొహానికీ తువ్వాలే కాబట్టి నన్ను గుర్తుపట్టడు. అయినా షాపులోకి తెల్లజుట్టు మనిషి ఎవరడుగుపెట్టినా నేను వెనక గదిలోకి పోతా."

"అన్నని 'వాడికి' అంటున్నాడేంటి?"

"ముసలోళ్ళు అందర్నీ అట్టాగే అంటారు."

"ఇంట్లో ఆమని వదినకన్నా చెప్పావా?"

"ఎవరికీ చెప్పలా. నీకే."

"ఉండు, ఫోన్. చెప్పు క్రాంతీ... ఎక్కడిదాకా వచ్చారు? అనాసాగరమా? ...వెనక గేటు దగ్గర ఆపించు. ముందు వైపు వద్దు, జనం మీద పడతారు. ...ఆఁ, సతీషన్న ఇక్కడే ఉన్నాడు."

"అయిపోయింది. ఐదు నిమిషాలు."

"నా మాట విను. బయట రెండొందలమంది ఉన్నారు. గుండె మీద అన్న బొమ్మ పచ్చబొట్టు పొడిపించుకున్నోళ్ళు. ఇది గానీ బయటపడితే పోలీసుల దాకా కూడా పోదు. మనోళ్ళే నిన్ను చంపేస్తారు. ఇంటిమీదికొస్తారు. వదిన, పాప ఉన్నారు ఇంట్లో."

"నేను దానికి భయపడట్లా."

"నేను భయపడుతున్నా! పేజీలో పెట్టింది నేను. నీకేదన్నా అయితే నేను బతకాలా?"

"ఏం చేస్తున్నావు? ఫోన్ వెనక మూత ఎందుకు తీస్తున్నావు?"

"నువ్వు చెయ్యలేని పని."

"లహరీ, వద్దు! అందులో నవ్వుతున్నాడు—"

"విరిచేశా. ఇదిగో, రెండు ముక్కలు. పొద్దున్నుంచీ కార్డు పాడైంది, పాడైంది అన్నావుగా, ఇప్పుడు నిజంగానే పాడైంది. నువ్వేం మాట్లాడకు, నేను చెప్తా. ఏడవకన్నా. నాకూ ఏడుపొస్తోంది. మొహం తుడుచుకో. హారన్ వినపడుతోంది."

"తియ్యి తలుపు."

"ముందు మొహం తుడుచుకో... వస్తున్నానండీ! రండమ్మా. జాగ్రత్త, గడప ఎత్తుగా ఉంది."

"ఫరవాలేదమ్మా. అభిరథ్ వాళ్ళమ్మని, బసవమ్మని. పేజీలో రాసింది నువ్వేనా?"

"నేనేనమ్మా, లహరిని. తలుపేస్తా, జనం తోసుకొస్తారు."

"సతీష్‌బాబంటే ఈ అబ్బాయా? కూర్చో బాబూ, ఎందుకట్టా గోడకి అతుక్కుని నిలబడ్డావు?"

"నమస్కారమమ్మా."

"అమ్మా, ఆ వీడియో... మీరు ఇంతదూరం వచ్చారు గానీ, అది పాడైపోయిందమ్మా. కార్డు విరిగిపోయింది."

"మొత్తమా?"

"మొత్తం. మాదే పొరపాటు. మీకు ముందే ఫోన్ చేసి చెప్పాల్సింది."

"కొంచెం కూడా మిగల్లేదా? ఒక్క ముక్క?"

"లేదమ్మా."

"సరేలే. రాసిపెట్టిలేదు. కాసిని మంచినీళ్ళివ్వమ్మా."

"ఇదిగోండి."

"వాడు ఎట్టా పోయాడో చూద్దామని రాలేదమ్మా. అంత గుండె నాకెక్కడిది? కళ్ళు మూసుకుని పక్కన కూర్చుంటా, మీరే చూసి ఒక్క ముక్క చెప్పండని అడుగుదామని వచ్చా."

"ఏం ముక్కమ్మా?"

"మా ఆయన పరిగెత్తారా లేదా అని."

"ఎవరమ్మా?"

"వాళ్ళ నాన్న చంద్రమౌళిగారు. ఆయన ఫొటోల్లో పడరు, ఫంక్షన్లకి రారు, మీకెవరికీ తెలీదు. ఆ ఎండల్లో కొడుక్కి మజ్జిగ పట్టుకుని వెళ్ళేవారు. నేను ఫలానా అని చెప్పుకోకుండా, మొహానికి తువ్వాలు చుట్టుకుని మీ అందరి మధ్యా నిలబడేవారు. అదో సరదా ఆయనకి. వాడి గురించి జనం ఏమనుకుంటున్నారో వినాలని. ఆ రోజు హెల్మెట్లో దీపం ఆరిపోవడం చూశారంట. పరిగెత్తానంటారు. ఎవరో నడుం పట్టుకుని ఆపేశారంటారు. మేం యూనిట్ వాళ్ళందర్నీ అడిగాం. అలాంటిదేం చూళ్ళేదన్నారు. చూస్తారా మరి, అందరి కళ్ళూ వాడి మీదేగా! డాక్టరుగారేమో, భయానికి ఆయనే బిగుసుకుపోయుంటారు, ఆ బాధలో మనసు ఇలా కథ అల్లుకుందన్నారు. నేనూ అదే నమ్మా. కొడుకు కొట్టుకుంటుంటే రాయిలా నిలబడ్డ మనిషివి అని నేనే అన్నా. ఒకసారి కాదమ్మా. మూడేళ్ళుగా అంటానే ఉన్నా."

"అమ్మా, సతీషన్నకి ఒంట్లో బాలేదు. మనం స్టేజీ దగ్గరికి—"

"ఇప్పుడు ఆయనే తనని తను నమ్మట్లేదు. 'నేను కదల్లేదేమో బసవా, నువ్వన్నదే నిజమేమో' అంటున్నారు. అన్నం సహించట్లేదు. నిన్న మీ పేజీ చూపిస్తే, మూడేళ్ళలో మొదటిసారి తనంతట తనే చొక్కా వేసుకుని కారెక్కారు. ఇప్పుడు వెళ్ళి ఏం చెప్పను? మొహం ఎట్టా చూపించను?"

"ఆయన కార్లో ఉన్నారా అమ్మా?"

"సతీషన్నా, నువ్వు కూర్చో."

"ఆయన కార్లోనే ఉన్నారా?"

"ఉన్నారు బాబూ. దిగడానికి భయమంట. లేదని తెలిస్తే ఎట్టా అని."

"పరిగెత్తారమ్మా."

"అన్నా, వద్దు! బయట ఎంతమంది ఉన్నారో చూశావా?"

"నువ్వుండు లహరీ. పరిగెత్తారమ్మా. అందరికంటే ముందు పరిగెత్తారు. తాడు కిందనుంచి దూరి వెళ్ళబోయారు. నేను పట్టుకున్నా."

"నువ్వా?"

"నడుం పట్టుకున్నా. గట్టిగా. వదలరా బాబూ అని బతిమాలుకున్నారు. షాట్ పాడవుద్దని వదల్లేదు. నాకంత బలముంది, ఆయనకి లేదు. చెయ్యి విడిపించుకోవాలని రక్కారు. ఇదిగోండి, ఈ మచ్చ అదే. వీడియో లేదమ్మా, ఇదొక్కటే ఉంది. అమ్మా, ఏదో ఒకటి అనండి. కొట్టండి. పోలీసుల్ని పిలవండి. మీరట్టా చూస్తుంటే నేను నిలబడలేకపోతున్నా."

"తలుపు తియ్యి."

"అమ్మా, గట్టిగా మాట్లాడకండమ్మా, బయటికి వినపడుద్ది. వాళ్ళు ఊరుకోరు. మీ కాళ్ళు పట్టుకుంటా."

"పక్కకి జరుగమ్మా."

"నేను తీస్తా లహరీ. జరుగు... తీశానమ్మా. అదిగో కారు."

"ఏవండీ! ఏవండీ, దిగండి! మీరు పరిగెత్తారండీ! మిమ్మల్ని పట్టుకున్న అబ్బాయి ఇక్కడే ఉన్నాడు!"